మా అమ్మ గుండె మా అమ్మదేనని ఒప్పుకోవలసిందిగా

ప్రజారోగ్య పరిశోధన విభాగం సంచాలకులవారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ విభాగం మా వీధిలో పంచిన గుండె బ్యాండ్లు తారుమారైనందున నా తల్లికి ఏ జబ్బూ లేదని తమ కంప్యూటర్ మొండికేయుట గురించి, ఆమెను పెద్దాసుపత్రికి పంపే సిఫారసు తక్షణమే మంజూరు చేయించుట గురించి.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నేను గణాంకశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని, తగిన ఉద్యోగం దొరికేవరకు అని పదిమందికీ చెప్పుకుంటూ, అమ్మ ఇస్త్రీ దుకాణంలో చొక్కాలు మడతపెడుతున్నదానిని. ఇదే సంగతి లోగడ తమ యాప్ ద్వారా విన్నవించుకోగా, "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అనే సమాధానం, పక్కన నవ్వుతున్న పచ్చబొమ్మ వచ్చినవి. ఆ బొమ్మకు తిరుగు జవాబు రాసే గడి లేనందున ఈసారి కాగితం మీద రాసుకుంటున్నాను. కాగితం అయితే ఎవరో ఒకరు చేత్తో పట్టుకోక తప్పదని నా ఆశ.

1. తమ పరిశోధన మా వీధికి వచ్చిన నాడు బడి హాల్లో సభ జరిగినది. తమ పర్యవేక్షకురాలు మేడమ్ మైకు పట్టుకుని, "ఇక మీరు డాక్టరు కోసం పరిగెత్తక్కర్లేదు, డాక్టరే మీ చేతికి అంటుకుని ఉంటాడు" అని సెలవిచ్చారు. అమ్మ లేచి, "ఇస్త్రీపెట్టె వేడికి డాక్టరుగారు మాడిపోరు కదమ్మా?" అని అడిగింది. హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వకుండా "వేడి, సమస్య" అని రాసుకున్నారు. తరువాత అందరి చేతులకూ నల్లటి బ్యాండ్లు తొడిగారు. ఆ బ్యాండు గుండె వేగాన్నీ నడకనూ నేరుగా తమ కంప్యూటర్‌కు పంపుననియు, కంప్యూటర్ మా ఫోన్లకు సలహాలు పంపుననియు, గుండె బాగుంటే మన పేరు ఆకుపచ్చగా, బాగోకపోతే ఎర్రగా మారుననియు, ఎరుపు ముదిరితే పెద్దాసుపత్రికి సిఫారసు దానంతటదే పుట్టుననియు తెలియజేసినారు. ఆ వారంలోనే మా వీధి క్లినిక్‌లో ఛాతీకి తీగలు అంటించి గుండె గీతలు తీసే పాత యంత్రాన్ని, బ్యాండ్లుండగా ఇదెందుకని, ఎత్తుకెళ్ళినారు. అది ఉన్నచోట గోడ మీద రంగు మాయని చతురస్రం ఒకటి మిగిలినది. దాని మీద ఇప్పుడు తమ పోస్టరు ఉన్నది. అందులోని ముసలాయన కూడా నవ్వుతూనే ఉన్నాడు.

2. బ్యాండ్లను అప్పుడప్పుడు మెరుగుపరచవలెనట. అందుకని తమ క్షేత్ర సహాయకుడు, మేము బకెట్టాయన అని పిలుచుకునే పెద్దమనిషి, ఇంటింటికీ తిరిగి బ్యాండ్లన్నీ ఒక ప్లాస్టిక్ బకెట్‌లో వేసుకుపోయినారు. అంటురోగాలు రాకూడదని తమ నియమావళిలో ఉన్నందున అన్నింటినీ స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచినారు. ఏ బ్యాండు ఎవరిదో తెలియడానికి వెనకాల సిరాతో వేసిన అంకెలు కూడా అంతే శుభ్రంగా పోయినవి. ఆయన తిరిగి వచ్చి పంచిన పద్ధతి ఇది:

"ఇది నాదేనా నాయనా?" అని అమ్మ అడిగింది.

"మూడో రంధ్రానికి సరిపోయిందిగా అక్కా? నీదే."

"పై అంతస్తు డ్రిల్లు మాస్టారిది కూడా మూడో రంధ్రమే కదయ్యా?"

"ఆయనకీ ఒకటి పెట్టి చూశానక్కా. అదీ సరిపోయింది. ఇంకేం కావాలి?"

ప్రజల ఆరోగ్యం మీద ఇంత ఖర్చుతో సాగుతున్న పరిశోధన చివరికి బెల్టు రంధ్రం మీద ఆధారపడి ఉన్నదని తమరికి తెలియునో లేదో నాకు తెలియదు.

3. ఆ మర్నాటి నుంచి అమ్మ ఫోన్‌కు అభినందనలు మొదలైనవి. "శభాష్! ఈ ఉదయం అద్భుతంగా పరిగెత్తారు!" అని ఒకటి. "మీ గుండె వయసులో మీకంటే చాలా చిన్నది!" అని ఇంకొకటి. మా అమ్మ బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా వెళ్ళాలంటే గోడ పట్టుకుని ఒకసారి ఆగుతుంది. పెదాలు నీలంగా మారతాయి. చీలమండ మీద వేలితో నొక్కితే ఆ గుంట నేను ఒక చొక్కా మడిచేదాకా అలాగే ఉంటుంది. "నిద్రలో పరిగెడుతున్నానేమోనే" అని నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

అదే సమయంలో పై అంతస్తులో డ్రిల్లు మాస్టారికి హెచ్చరికలు మొదలైనవి. ఆయన బడిలో పిల్లల చేత పరుగులు తీయించే మనిషి, ఈల వేస్తే రెండు వీధుల అవతల కుక్కలు లేస్తాయి. జలుబు కూడా ఎరగరు. "శ్రమ తగ్గించండి. మెట్లెక్కకండి. ఒంటరిగా ఉండకండి" అని ఫోన్ చెప్పేసరికి పడుకున్నారు. ఈల మేకుకు తగిలించేశారు. వాళ్ళావిడ, నేను పిన్ని అని పిలిచేది, కిందికి వచ్చి, "అరిచే మనిషి గుసగుసలాడుతున్నాడే, నాకు భయంగా ఉందే" అని కళ్ళొత్తుకుంది. అమ్మే ఓదార్చింది. "నా గుండె బాగానే ఉందట, కావాలంటే కాస్త ఇస్తాలే" అంది.

4. ఇక్కడినుంచి తమరు దయచేసి నెమ్మదిగా చదవవలెను. మాస్టారు మంచమెక్కారు. ఆయన చేతికి ఉన్నది అమ్మ పేరు మీది బ్యాండు. కనుక అమ్మ పరుగులు మానేసిందని తమ కంప్యూటర్‌కు కోపం వచ్చింది. "మీరు బద్ధకిస్తున్నారు. లేవండి. మెట్లెక్కండి" అని అమ్మ ఫోన్ మీద సాధింపు మొదలైంది. అమ్మ చిన్నప్పటి నుంచి ఎవరు తిట్టినా తప్పు తనదే అనుకునే మనిషి. ఇస్త్రీపెట్టె దించి, కొంగు దోపుకుని, మేడ మెట్లెక్కడం మొదలుపెట్టింది. నేను తిడితే, "చదువుకున్నవాళ్ళు పెట్టిన యంత్రమే, ఊరికే చెబుతుందా?" అంది. ఆమె ఎక్కినకొద్దీ ఆమె చేతికి ఉన్న బ్యాండు, అనగా మాస్టారి పేరు మీది బ్యాండు, ఆయన పేరును మరింత ఎర్రబరచింది. మాస్టారికి హెచ్చరికలు హెచ్చాయి. ఆయన దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నారు. దాంతో అమ్మకు తిట్లు పెరిగాయి. అమ్మ ఇంకో అంతస్తు ఎక్కింది.

ఒక మనిషిని మంచాన పడేసి ఆ మంచాన్ని చూపించి ఇంకో మనిషిని మెట్లెక్కించి చంపే ఏర్పాటుకు ఇంతమంది విద్వాంసులు, ఇన్ని సంతకాలు ఎందుకయ్యా? ఈ పాటి పనికి దుర్మార్గుడు ఒక్కడు చాలు. క్షమించవలెను, అర్జీలో ఇటువంటి వాక్యం ఉండరాదు. కొట్టివేయబోయి, ఉంచేశాను.

5. అమ్మ రెండో మలుపు దగ్గర పడిపోయింది. నేను ఆమె ఫోన్ పట్టుకుని కేకలు వేస్తూ ఎక్కాను. పైన తలుపు తెరుచుకుంది. మాస్టారు తన జబ్బు సంగతి మరిచిపోయి, మెట్లు మెట్లుగా కాదు, మలుపులు మలుపులుగా దూకుతూ వచ్చి, అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకుని కిందికి పరిగెత్తారు. అమ్మ చెయ్యి వేలాడుతోంది. వెనకాలే నేను. సరిగ్గా అప్పుడు నా చేతిలో అమ్మ ఫోన్ మోగింది.

"శభాష్! ఎట్టకేలకు కదిలారు!"

అప్పుడు తెలిసింది మాకు.

క్లినిక్ చేరేసరికి అమ్మకు తెలివి వచ్చింది, కుర్చీలో కూర్చోబెట్టాం. డాక్టరుగారు ఉన్నారు. మెడలో గొట్టం ఉంది. చెవుల్లోకి ఎక్కలేదు. ఆయన అమ్మ వైపు కాక తెర వైపు చూశారు.

"ఆకుపచ్చగా ఉంది కదమ్మా."

"అది అమ్మది కాదండీ. ఈ మాస్టారిది."

"పేరు మీ అమ్మదే."

"పేరు అమ్మదేనండీ. గుండె మాస్టారిది."

"అలాంటి మాటలు నలుగురిలో అనకమ్మా, బాగోదు."

మాస్టారు చేతులు కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి రెండూ ఆగిపోయాయి.

"మా అమ్మ మీ ముందే కూర్చుంది కదండీ. ఒక్కసారి చెయ్యి పట్టుకు చూడండి."

"నేను చూస్తే ఏం లాభం? ఎరుపు రానిదే సిఫారసు మీట వెలగదు." అని, నాకు నమ్మకం కలగడానికి, నిజంగానే నొక్కి చూపించారు. "చూశావా? పలకదు." ఆ ముఖంలో కాస్త గర్వం కూడా కనిపించింది. తన చేత ఏదీ కాదని రుజువు చేయగలిగిన మనిషి గర్వం. పెద్దాసుపత్రి గుండె విభాగంలో ఈ సిఫారసు లేనిదే గేటు కూడా దాటనివ్వరని తమరికి వేరే చెప్పనక్కరలేదు, ఆ ఉత్తర్వు తమదే.

6. మేము అంత తెలివితక్కువవాళ్ళం కాదు. ఆ సాయంత్రమే ఇద్దరూ బ్యాండ్లు మార్చుకున్నారు. ఇక అమ్మ గుండె అమ్మ పేరు మీద ఎర్రబడుతుంది, మీట వెలుగుతుంది అనుకున్నాం. తమ కంప్యూటర్ అంతకంటే తెలివైనది. ఇన్నాళ్ళూ మాస్టారి గుండెకు అలవాటుపడి ఉన్నందున, అమ్మ గుండెను చూడగానే ఇదేదో పరాయిదనుకుంది. "ఈ వివరాలు నమోదైన వ్యక్తివి కావు. తొలగించడమైనది" అని ఫోన్‌కు పంపింది. అమ్మ పేరు బూడిదరంగులోకి పోయింది. అమ్మ ఆ సందేశం నా చేత రెండుసార్లు చదివించుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "మరి ఇది ఎవరిదే?" అంది.

ఆ ప్రశ్న పట్టుకుని మేడమ్‌గారి కార్యాలయానికి వెళ్ళాను. గది చల్లగా ఉంది. బల్ల మీద కొత్త బ్యాండ్ల పెట్టెలు. మేడమ్ ఓపికగా విన్నారు. ఆ ఓపిక చూసే నాకు అనుమానం రావలసింది.

"పరిశోధన ముగిసేదాకా వివరాలకు తాళమమ్మా. మధ్యలో చెయ్యి పెడితే ఫలితాలు పాడవుతాయి."

"ముగిసేదాకా మా అమ్మ ఉండాలి కదండీ?"

"మధ్యలో తప్పుకున్నవాళ్ళకు కూడా మా దగ్గర ఒక గడి ఉంది," అన్నారు, నాకు ధైర్యం చెబుతున్నట్టుగా. "నువ్వూ గణాంకాలు చదివానంటున్నావుగా? ఒక్క నమోదు తప్పయితే సగటు మారదు."

నిజమే. నేనూ చదివాను. పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. సగటు మారదు. సగటుకు కూతురు లేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే నా చదువు మీద నాకే రోత పుట్టింది. అందులో ఒక ముక్క మేడమ్ గదిలోకి కూడా వచ్చి, చల్లగా కూర్చుని, చక్కగా మాట్లాడుతోంది కదా అని.

కావున తమరు దయతలచి, (అ) నా తల్లి పేరు మీద సిఫారసు వెంటనే పుట్టించవలసిందిగా, (ఆ) బ్యాండ్ల తప్పును సరిదిద్దవలసిందిగా, (ఇ) గోడ మీది పోస్టరు తీసి పాత యంత్రాన్ని తిరిగి పెట్టవలసిందిగా, (ఈ) ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నప్పుడు ఆ మనిషిని తాకి చూడటం నియమావళికి విరుద్ధం కాదని డాక్టరుగారికి ఒక ఉత్తర్వు జారీ చేయవలసిందిగా వేడుకుంటున్నాను.

చిత్తగించవలెను. చిత్తగించే తీరిక లేనిచో కనీసం ఒకసారి తమ చేతి నాడి తామే పట్టుకు చూసుకొనవలెను. అది కొట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడగదని తెలియును.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఇస్త్రీ దుకాణం ఆమె కూతురు
(నమోదు సంఖ్య: స్పిరిట్‌తో తుడిచివేయబడినది)

తా.క. అర్జీ మడతపెడుతుండగా మాస్టారు మెట్లు దిగి వచ్చారు. అమ్మ పడిపోయిన నాటి గుండెను తమ కంప్యూటర్ ఇన్నాళ్ళూ అరిగించుకుని, ఇప్పుడు ఆయన పేరు మీద సిఫారసు కక్కింది. రేపు ఉదయం, పెద్దాసుపత్రి, గుండె విభాగం, అత్యవసరం.

రేపు ఆ సిఫారసు మీద అమ్మ వెళుతోంది. మాస్టారు సెలవు పెట్టి తోడు వస్తున్నారు. బ్యాండ్లు మళ్ళీ మార్చేశాం, ఆయన పేరు మీదిది అమ్మ చేతికి ఉంది, మూడో రంధ్రానికి. అమ్మకు ఒకటే దిగులు.

"అంతమందిలో మగ పేరు పిలిస్తే నేనెలా పలికేది తమ్ముడూ?"

"హాజరు పలకడం నేను నేర్పిస్తాగా అక్కయ్యా. లేచి నిలబడి, 'ప్రెజెంట్ సార్' అను. చాలు."

ఇద్దరూ ఇస్త్రీబల్ల దగ్గర సాధన చేస్తున్నారు. అమ్మ 'ప్రెజెంట్' దగ్గరే ఆయాసంతో ఆగిపోతోంది. మాస్టారు చాలా రోజుల తరువాత ఈల తీసి మెడలో వేసుకున్నారు. రేపు అక్కడ ఎవరైనా అభ్యంతరం చెబితే నేను బ్యాండు చూపిస్తాను. తమ రికార్డుల ప్రకారం ఆ గుండె ఆయనది, ఆయన గుండె ఆమె దగ్గరే ఉంది, వాదించేవాళ్ళు తమ కంప్యూటర్‌తో వాదించుకోవచ్చు.

కనుక అయ్యా, పైన (అ) నుంచి (ఈ) వరకు కోరినవన్నీ ప్రస్తుతానికి రద్దు చేసుకుంటున్నాను. వాటికి బదులు ఒకే ఒక్క విన్నపం. ఇన్నాళ్ళూ పట్టించుకోని తమ విభాగం ఈ అర్జీ చూసి ఒళ్ళు మండి పని మొదలుపెడుతుందేమోనని భయంగా ఉంది.

రేపు అమ్మను డాక్టరు చేత్తో ముట్టుకునేదాకా, దయచేసి తప్పు సరిదిద్దకండి.