నల్లోడి మాత్రలు

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన కుక్క నల్లోడు ఈవేళ లేచి, నువ్వు పడవ దిగే చోటు దాకా నడిచాడు.

పది రోజుల క్రితం వాడి చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఒళ్లో పెట్టుకుని ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లాను. పిడుదులు కుట్టి రక్తంలోకి పురుగు ఎక్కించాయట.

"కంటికి కనబడని పురుగమ్మా. దాన్ని సంపాలని ఒళ్లు రేగిపోయి, సొంత రక్తాన్నే సంపేసుకుంటన్నాది," అన్నాడు పశువుల డాక్టరు. పురుగుకి సూది వేశాడు. రేగిన ఒంటిని శాంతపరచడానికి మాత్రలిచ్చాడు. వాటిని మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదన్నాడు.

పిడుదులకి నువ్వు పడవ డీజిలు పూసేవాడివి. మొన్నటిదాకా నేనూ అదే పూశాను. డాక్టరు తిట్టాక మానేశాను. ఇప్పుడు రోజూ పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరుతున్నాను.

ఈ ఉదయం నల్లోడు చేప తల నమలడం చూసి మీ అమ్మ, "తింటన్నాడు కదే, ఇంకా మాత్రలేటికి?" అంది.

నీ టీబీ మాత్రలప్పుడూ ఆవిడది ఇదే మాట. రెండో నెలకే ఆకలి పుట్టింది, వేటకు పోయావు, మాత్రలు ఆపేశావు. అప్పుడు నేను నోరెత్తలేదు. జబ్బు తిరగబెట్టింది.

"డాక్టరు ఆపమనేదాకా ఏస్తానత్తా. నువ్వు కోప్పడినా ఏస్తాను," అన్నాను.

ఆవిడ చూరులో చెయ్యి పెట్టి, నువ్వు మిగిల్చిన మాత్రల పట్టీని పక్కకి జరిపి, నల్లోడిది తీసి నా చేతిలో పెట్టింది.