జెరూసలేం నూనె

రాజోలు కాపురస్తుడు కీ.శే. కొల్లాబత్తుల ఇశ్రాయేలు కుమారుడను, సౌదీలో జెడ్డా పాతబజారు బలద్‌లో ఉంటున్న డ్రైవరును, యాభై ఆరేళ్ల హేమసుందర్ అనే నేను రాసుకున్న వీలునామా. డాక్టర్లు చెడిందన్నది గుండె మాత్రమే. బుద్ధి స్థిరంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. బలవంతపెట్టడానికి వచ్చినవాళ్లను మొన్ననే గుమ్మంలోంచి పంపేశాను.

1. దీన్ని అమలు జరపాల్సింది ఈ దేశంలోనే అభా ఊళ్లో నర్సుగా ఉన్న నా అక్క కూతురు అమూల్య. నన్ను రాజోలులో మా అమ్మ సమాధి పక్కన పాతిపెట్టాలి. చోటివ్వకపోతే మా పెరట్లో. ఇక్కడి మా పాస్టర్ సత్యానందం గారు నా శవపెట్టె మీద చేయి వేయరాదు.

2. కారణం: ఈ దేశంలో చర్చికి అనుమతి లేక శుక్రవారాల్లో తలుపులేసుకుని చేసుకునే మా తెలుగు ప్రార్థనలో, రోగాలు పోతాయని ఆయన అమ్మిన జెరూసలేం నూనె ఈ బలద్ సందులో కొన్న మామూలు నూనే. డబ్బాలు మోసింది నేను. రెండేళ్లు నోరు మూసుకుని సీసాలకు జెరూసలేం అన్న చీటీలు అంటించిందీ నేనే. నిరుడు అందరి ముందూ ఆ మాట చెప్పినందుకు వెలివేశారు. పాపక్షమాపణ చీటీలు అమ్మిన గురువులను ఎదిరించిన పూర్వకాలపు సన్యాసి గురించి ఏటా అక్టోబరులో కళ్లనీళ్లతో ప్రసంగించేది ఈయనే. ఆ సన్యాసి ఎప్పుడో పోయాడు కాబట్టి సరిపోయింది.

3. మిగిలిన చీటీలు, జిగురు డబ్బా సత్యానందం గారికే. ఇకమీదట ఆయనే అంటించుకోవాలి. వేళ్లకు కాస్త పని తగులుతుంది.

4. సంఘపెద్దలకు ఏమీ లేదు. అన్నీ తెలిసీ, ముందు వరస కుర్చీలు పోతాయని నేలచూపులు చూశారు. ఆ కుర్చీలే ఉంచుకోమనండి.

5. షుగరు చూసుకునే నా మిషను మా సంఘంలోని మునిరత్నమ్మక్కకు. నేను చీటీ అంటించిన సీసాను నమ్మి ఆమె మాత్రలు మానేసింది. కాలి వేళ్లు రెండు తీసేశారు. అక్కా, క్షమించు. వారానికి రెండుసార్లు చూసుకో. ప్రార్థన చేసుకో, మాత్రా వేసుకో.

6. నా కుక్కరు, దుప్పట్లు పక్కగది మౌలా సాహెబ్, అల్లాబకాష్‌లకు. నా గదిలో మా ప్రార్థన పాటలు వినబడినన్నాళ్లూ బయట ఒక్క మాట అనని మనుషులు.

7. మొన్న పెద్దలు తెచ్చిన క్షమాపణ పత్రం జతచేశాను. నూనె జెరూసలేందేనని, నేను అబద్ధమాడానని టైపు చేసి ఉంది. సంతకం పెట్టకపోతే మా ఊరి సంఘానికి ఉత్తరం రాసి, సమాధుల తోటలో చోటు లేకుండా చేస్తారట. అమ్మ పక్కన చోటు పోతుందంటే భయమేసింది. పెన్ను తీశాను కూడా. మునిరత్నమ్మక్క కుంటుతూ మెట్లెక్కడం గుర్తొచ్చి మూసేశాను.

అక్కడ పెట్టని సంతకం ఇక్కడ పెడుతున్నాను.

జెడ్డా, 14 నవంబరు 2006

(సం.) కొల్లాబత్తుల హేమసుందర్

సాక్షులు: షేక్ మౌలా సాహెబ్, పఠాన్ అల్లాబకాష్