చేప బొమ్మ మెట్టె

అమ్మా,

నీ మెట్టె దొరికింది. రియాద్ బయట ఇసుక దిబ్బల దగ్గరికి పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు నీ కాలి వేలి నుంచి జారిపోయిందే, చేప బొమ్మది, అదే. నాన్న ఫ్రెండ్ రవి అంకుల్ మెటల్ డిటెక్టర్ కొన్నారు. శుక్రవారాలు అక్కడ ఇసుకంతా వెతికి, దొరికినవాటి ఫోటోలు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెడుతున్నారు, ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దామని.

ఫోటో చూడగానే భయమేసింది. "మెట్టె పోతే మొగుడికి కీడంటారే. మీ నాన్నకి చెప్పావో, చూడు" అన్నావు ఆ రోజు. వేలికి పసుపు దారం చుట్టుకుని, అది కనపడకుండా ఆ ఎండాకాలమంతా ఇంట్లో కూడా సాక్స్ వేసుకుని తిరిగావు. తర్వాతి ఏడాది నువ్వే వెళ్ళిపోయావు. నాకిప్పుడు నాన్న ఒక్కరే ఉన్నారు. చెబితే ఆ కీడు ఆయన వైపు తిరుగుతుందేమో అనిపించింది.

అంకుల్ ఇంటికి నేనొక్కదాన్నే వెళ్ళాను.

"మీ అమ్మదా తల్లీ?"

"అవునంకుల్. నాన్నకి చెప్పకండి, ప్లీజ్."

తెచ్చి జామెట్రీ బాక్సులో దాచాను. ఈ ఉదయం నాన్న పెన్సిల్ కోసం ఆ బాక్సే తెరిచారు. మెట్టెని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"దారం చుట్టుకున్న రోజే చూశాన్రా," అన్నారు. "అడిగితే ఇంకా భయపడుతుందని ఊరుకున్నా."

ఆ ఒక్క మాట అప్పుడే అనుంటే, ఆ ఎండాకాలమంతా నువ్వు సాక్స్ లేకుండా తిరిగేదానివి కదమ్మా.