ఆఖరి అధ్యాయం నీదే

మా ఇంటి పెద్ద చదువరికి,

నేనూ అమ్మా క్షేమం. సెలూన్ కూడా క్షేమమే, ఒక్క మీసం తప్ప. ఆ సంగతి తర్వాత చెబుతాను. నువ్వు వేళకు తింటున్నావనీ, డ్యూటీల మధ్య కాస్త కునుకు తీస్తున్నావనీ నమ్ముతున్నాను.

ఉత్తరంలో రెండు ప్రశ్నలు వేశావు. ఆసుపత్రివాళ్లు నిన్ను ఇంకో ఏడాది అక్కడే ఉండమంటున్నారు, ఉండనా వచ్చెయ్యనా అన్నది మొదటిది. 'నీ ఇష్టం' అని పోయినసారే రాశాను కదా, మళ్లీ అడుగుతావేమిటి? సరే, దాని జవాబు చివర్లో. రెండోది, తిరిగొచ్చాక చదువుకుంటానని నువ్వు పంపిన కొత్త నవల కాగితం విప్పకుండా బీరువాలో పెట్టానా అని. నవల భద్రంగా ఉంది. కాగితమే లేదు.

తిట్టకు. తప్పులో సగం మీ అత్తగారిది. 'నవలలు చదివితే అవి ఇల్లు ఊడుస్తాయా?' అని నిన్ను సాధించిన మనిషే, నువ్వు వెళ్లాక ఏమీ తోచక నీ అలమరలోంచి ఒకటి తీసింది. ఇప్పుడు నీ అభిమాన రచయిత్రి పాత పుస్తకాల్లో అమ్మ చదవనిది ఒక్కటీ మిగల్లేదు. మధ్యాహ్నం సెలూన్‌కి వచ్చి బెంచీ మీద కూర్చుని పైకి చదువుతుంది. తలమీద వెంట్రుక లేనివాళ్లు కూడా క్షవరానికని వస్తున్నారు.

ఆ రచయిత్రంటే నీకెందుకంత పిచ్చో ఇప్పుడు తెలిసింది. మనిషి ఏడ్చిందని ఎక్కడా రాయదు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగిందని రాస్తుంది. అంతే, నేను మొహం గోడవైపు తిప్పుకుంటాను. ఒక నవలలో నాలాంటి పనివాడు ఎదుటివాడి గడ్డం గీస్తూ తన బుగ్గ లోపలికి లాక్కుంటాడని రాసింది. చాల్లే, అబద్ధమని కొట్టిపారేశాను. మర్నాడు పనిలో ఉండి అద్దంలోకి చూస్తే నా బుగ్గ లోపలికే ఉంది!

ఇక మీసం సంగతి. నువ్వు పంపిన ఆవిడ కొత్త నవలలో అక్కాచెల్లెళ్లు గోడకి అటొకరూ ఇటొకరూ కాపురముంటూ ఏళ్లుగా మాట్లాడుకోరు. ఇంతమటుకు వెనక అట్టమీదే ఉంది, కాబట్టి నీ దగ్గర దాచక్కర్లేదు. మొన్న అమ్మ చదువుతుంటే, కథలో ఆ అక్క వచ్చి, చెల్లెలి తలుపు కొట్టబోయి చెయ్యెత్తింది. అక్కడ అమ్మ ఆగింది. నా ఊపిరీ ఆగింది. కత్తి ఆగలేదు. బ్యాండు మాస్టారు ప్రాణంలా పెంచుకున్న మీసంలో కుడివైపుది తువ్వాలు మీద పడింది.

ఆయన అద్దంలో చూసుకున్నాడు.

"ఆ రెండోది కూడా తీసెయ్యవయ్యా. అమ్మగారూ, మీరు కానివ్వండి. కొట్టిందా లేదా?"

అమ్మ పేజీ తిప్పింది. ఆఖరి అధ్యాయం. నేను గబగబా వెళ్లి పుస్తకం మూసేశాను.

"ఇది నీ కోడలు కొనుక్కున్న పుస్తకం. మిగతాది తనొచ్చి చదువుతుంది" అన్నాను. నా చేతిలో కత్తి ఉందని కూడా చూడకుండా అందరూ మీదికొచ్చారు. అమ్మ మాత్రం "వాడన్నది నిజమే. అది వచ్చాకే" అని కళ్లజోడు తీసేసింది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. 'నీ ఇష్టం' అని రాసింది మంచితనంతో కాదు. ఉండమంటే నీ జీతం మీద ఆశ అనుకుంటావని, రమ్మంటే నీ ఉద్యోగానికి అడ్డొస్తున్నాననుకుంటావని, గోడమీద పిల్లిలా కూర్చున్నాను. నీ రచయిత్రి అయితే, ఇతగాడు పొద్దున తుడిచిన అద్దాన్నే సాయంత్రందాకా తుడుస్తున్నాడని రాసి ఊరుకునేది. నాకంత విద్య లేదు, ఉన్నమాట రాస్తున్నాను. నువ్వు లేకుండా నాకు బాగాలేదు. వచ్చెయ్. ఉండాలని నీకే ఉంటే ఉండు, అలగను. పుస్తకం అలాగే మూసి ఉంచుతాను.

బ్యాండు మాస్టారి మీసం మొలుస్తోంది. అది మెలిపెట్టేంత అయ్యేలోపు తలుపు సంగతి తేలాలంటున్నాడు. అమ్మ బెంచీ మీద ఒక పక్కగా కూర్చుంటోంది, రెండోపక్క నీకట.

ఇట్లు,
అద్దం తుడుస్తూ,
నీ ఆయన