ఒక్కపొద్దు గోధుమరొట్టె

హరికిషన్,

అన్నం గిన్నెల ఉన్నది, పప్పు వేడి చేసుకొని తిను. పిల్లి రాకుండ కిటికి పెట్టు. గోధుమపిండి డబ్బ పక్కింటి విమలమ్మకు ఇచ్చిన, మల్ల కొనుక్కరాకు.

నేను మద్దూరు పోతున్న, మీ మేనమామ ఇంటికి. ఒక్కదాన్నే. బస్టాండు దాక నడిసే పోత!

రెండేండ్లు కాళ్లు తిమ్మిర్లెక్కి గోడ పట్టుకొని నడిచిన. ఎన్ని దవాఖానలు తిప్పినవో, కాదనను. రోగం దొరకకపోతె "అంత నీ మనసులనే ఉన్నదమ్మా" అన్నవ్. ఆ మాట నేను మరువలె.

కాళ్లు బాగుకావాలని మొక్కి శనివారాలు ఒక్కపొద్దుంటి. అన్నం ముట్టక గోధుమరొట్టెలు తింటి. ఇంకింత తూలుడైంది. మొక్కు చాలలేదేమో అని సోమవారాలు గూడ పట్టిన! మొన్న ఎండకాలం మద్దూర్ల గోధుమపిండి లేక నెలన్నర జొన్నరొట్టెతోనె ఒక్కపొద్దులుంటె, కాళ్లు కుదురుకున్నయి. ఇంటికొచ్చి గోధుమరొట్టె తినంగనె మల్ల మొదలు. అప్పుడొచ్చింది అనుమానం, గీ గోధుమలతోనేనా అని.

మూడు నెలల సంది ముట్టలె. చేతులు గూడ కుదురుకొని, నిన్న సూదిల దారం నేనే ఎక్కించిన. డాక్టరమ్మ ఇంకా పరీక్షలు చెయ్యాలె అంటది. చెయ్యనీ. నా కాళ్లు ముందుగాలనే చెప్పినయి.

దేవునికి కోపమొస్తదని భయపడకు. ఒక్కపొద్దు ఇడువలె, రొట్టె మార్చిన.

– అమ్మ

నువ్వు హైద్రాబాద్ నుంచి తెచ్చిన చేతికర్ర కోసం దేవులాడకు. బట్టల దండెం కుంగుతుంటె ఊతం పెట్టిన. ఇప్పుడు నాకంటె దానికే అక్కెర.