ఆల్ట్ అంటే మా ఊరు

1951 మార్చి 4
పై స్టేషన్ దగ్గర అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులు పట్టాల బోల్టులు ఊడదీశారట, ఇంజిన్ పడిపోయింది. సాయంత్రం నా రైలు గేటు లాంతరు వెలిగిస్తుంటే చెయ్యి వణికింది. ముసిలోడికి పెళ్లికొడుకు వొణుకొచ్చినాది అని బంగారమ్మ నవ్వింది. నా పెళ్లామే, అయినా నవ్వుతుంది.

రబ్బరు ఎక్కించడానికి తోట దొర కట్టించిన చిన్న స్టేషన్ మాది. బోర్డు మీద ముందు తోట పేరు, తర్వాత హాల్ట్ అని ఉండేది. జపాన్ వాళ్లు ఈ దేశాన్ని ఏలిన కాలంలో సగం పలక పొయ్యిలోకి పోయింది. హాల్ట్ మిగిలింది. మా నోట అది ఆల్ట్. ఊరి పేరే అదయింది.

మార్చి 9
కొత్త తెల్ల సోల్జర్లు దిగారు. అంతా కుర్రాళ్లు. ఎండకి మొహం ఎర్రబడ్డ ఒకడికి టమాటో అని పేరు పెట్టాను. కర్ఫ్యూలో వాళ్లు ఒక మాట అరిస్తే ఆగాలట, ఆగకపోతే కాలుస్తారట. ఏ మాట అని కానిస్టేబుల్ పళనిసామిని అడిగాను. ఆల్ట్ అన్నాడు.

నవ్వొచ్చింది. అంతలోనే కాపీ గుర్తొచ్చింది. బంగారమ్మ రోజూ చీకటిపడే వేళ రబ్బరు చెట్ల మధ్య నుంచి నాకు టిన్నులో కాపీ తెస్తుంది. ఆ మాట వింటే ఆగదు. స్టేషన్‌కి దారి అడుగుతున్నారనుకుని ఎదురెళ్తుంది.

మార్చి 10
చెప్పాను. నమ్మలేదు. గుడ్మార్నింగ్ అంటే ఆకలేస్తందని సెప్పి దొరసానికి నాసేత ఇడ్లీ పెట్టించినావు, ఈసారి ఏటి పెట్టమంటావు అంది.

సింహాచలం అప్పన్న మీద ఒట్టేశాను. అప్పన్న కూడా నీతో కలిసిపోయినాడా అంది. మనవరాలు లెచ్చుమి తోట బడిలో నేర్చిన తమిళంలో చెప్పి చూసింది. తాత నేర్పినాడులే, నాకు తెల్దా అని దాన్నీ తోసేసింది.

మార్చి 12
కాపీ మానేశానన్నాను. సచ్చినాక మానేద్దువులే అంది.

మార్చి 13
చీకటి పడింది. గేటు వదిలి కదలకూడదు. చెట్ల వైపు నుంచి ఆ మాట. మళ్లీ అదే మాట. తర్వాత తుపాకీ.

మార్చి 14
నిన్న రాత్రే వచ్చింది. చీరంతా నల్లగా తడిసి ఉంది. నెత్తురనుకున్నాను. కాపీ. గుండు టిన్నుకి తగిలింది. వెనకాల టమాటో ఏడుస్తూ వచ్చాడు. ఆల్ట్ ఇక్కడే నాయనా, రా సూపిస్తానని ఎదురెళ్లినాను, దారి అడిగి కాలస్తాడేటి అని వాణ్ణి తిడుతూనే ఉంది.

పడుకునే ముందు అడిగింది, ఆ మాటకి నిజంగా ఆగాలా అని. అవునన్నాను. ముందే సెప్పొచ్చు కదా అంది.

జూన్ 2
వస్తున్న రైల్లోంచి గార్డు అలవాటుగా తల బయటపెట్టి స్టేషన్ పేరు అరిచాడు. బంగారమ్మ ఆగిపోయింది. పట్టాల మధ్యలో. పిలిచాను, కదల్లేదు. ఇంజిన్ వస్తూనే ఉంది. కొప్పు పట్టుకుని లాగాను.

జూన్ 3
గార్డుకి దణ్ణం పెట్టాను, మా ఊరి పేరు పిలవొద్దని.

1957 ఆగస్టు 31
ఇంజిన్‌కి కొత్త జెండా. స్వాతంత్ర్యం వచ్చిందని అందరూ మెర్దేకా అని అరిచారు. బంగారమ్మ ప్లాట్‌ఫారం మీద బిగుసుకుపోయి, ఈ మాటకి ఆగాలా నడవాలా అని అడిగింది.

నడవాలి అన్నాను.

ముందు నువ్వు నడు, సూస్తాను అంది.

నడిచాను. చాలాసేపటికి వెనకాల గాజుల చప్పుడు.