ఏటి గట్టు శాఖ

ప్రియమైన ఖాతాదారుకు,

మన ప్రాంతీయ బ్యాంకు ఈ నెల నుంచి మహా ప్రాంతీయ బ్యాంకులో విలీనమైనదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. మీది ఉమ్మడి ఖాతా కనుక కొత్త పాసుపుస్తకానికి మీరూ, మీ భార్యా వచ్చి సంతకాలు చేయగలరు. చనిపోయినవారి పేర్లు తొలగించబడును.

ఇట్లు,
శాఖ మేనేజరు


మేనేజరు గారికి, బోర్డుల పెయింటరు నమస్కరించి రాయునది.

మన బ్యాంకు విలీనం కావడం నాకు కొత్త కాదు. మొదట అది కిరాణా కొట్టు పక్కన ఒకే గదిలో ఉండే రైతుల బ్యాంకు. బోర్డు నేనే రాశాను. అడుగెత్తు అక్షరాలు, బజారు చివరికి కనిపించేవి. దాన్ని లోయ బ్యాంకులో కలిపినప్పుడు అదే రేకుకు తెల్లరంగు కొట్టి కొత్త పేరు రాశాను. ప్రాంతీయ బ్యాంకు అయినప్పుడూ అంతే. ప్రతిసారీ పేరు పొడుగైంది, అక్షరాలు చిన్నవయ్యాయి, వడ్డీ కూడా. ఇప్పుడు లోపల దీపం వెలిగే ప్లాస్టిక్ బోర్డు పెట్టారు. బాగుంది. గీకితే కింద ఏమీ ఉండదు, అంతే తేడా.

నా భార్య సంతకానికి రాలేదు. ఆమె నాలుగేళ్ల కిందట విలీనమైంది. మీరు వాడిన మాటే వాడాను. వేరే మాట రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆమె పేరు మాత్రం తీసేయకండి. ఊరందరి పేర్లూ రాశాను గాని ఆమె పేరు ఎక్కడా రాయలేదు. మా ఇద్దరి పేర్లు ఒకచోట ఉన్నది మీ పాసుపుస్తకంలోనే.

ఇట్లు,
పెయింటరు

తా.క.: ఈ ఉత్తరం స్టాంపు ఖర్చును ఇంటి లెక్కల్లో ‘చుట్టాలు, రాకపోకలు’ కింద రాసుకున్నాను.


ప్రియమైన ఖాతాదారుకు,

మీ భార్యగారు ఏ శాఖలో విలీనమయ్యారో, ఆ శాఖ కోడుతో సహా వెంటనే తెలపగలరు.

ఇట్లు,
శాఖ మేనేజరు

తా.క.: బ్యాంకు అనుమతి లేకుండా ఖాతాదారులు తమంతట తాము విలీనం కావడం నిబంధనలకు విరుద్ధం.


మేనేజరమ్మ గారికి నమస్కారం. మీరు ఆడపిల్ల అని టీకొట్టు అతను చెప్పాడు.

ఆమె అనుమతి తీసుకోని మాట నిజం. నన్ను కూడా అడగలేదు. శాఖ ఊరి చివర ఏటి గట్టున ఉంది. కోడు ఇవ్వలేదు. అక్కడ చేరినవాళ్లెవరూ ఖాతా మార్చుకుని తిరిగి రాలేదు.

రైతుల బ్యాంకు రోజుల్లో మేమిద్దరం కలిసి వచ్చేవాళ్లం. క్యాషియరు గారు ఒకసారి, ఈయన నోరు తెరవగా ఎప్పుడూ చూడలేదమ్మా అన్నారు. “ఆయన గోడల మీద మాట్లాడతాడు బాబూ, మిగిలింది నేను చూసుకుంటా” అంది ఆమె. బ్యాంకంతా నవ్వింది. ఆ ఇరుకు గదిలో అందరూ నవ్వితే క్యాషియరు గారు నోట్ల లెక్క మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చేది.

పేరు సంగతి చెప్పారు కాదు.

ఇట్లు,
పెయింటరు


ప్రియమైన ఖాతాదారుకు,

ఏటి గట్టు శాఖ మా జాబితాలో లేదు. తనిఖీకి అధికారి వెళతారు. అంతవరకు పేరు విషయం పెండింగు.

ఇట్లు,
శాఖ మేనేజరు

తా.క.: అక్కడ చేరినవారు తిరిగి రావడం లేదంటే సేవలు మనకంటే బాగున్నాయా అని పై అధికారులు అడుగుతున్నారు.


మేనేజరమ్మ గారికి,

సేవల సంగతి నాకు తెలియదు. ఫిర్యాదు చేసినవాళ్లు మాత్రం లేరు. తనిఖీకి ఎవరినీ పంపకండి, పాపం చిన్నవాళ్లు. ఎలాగూ నేను వెళ్లేవాణ్ణే. అన్నీ కనుక్కుంటాను గాని, జవాబు రాయడం కుదరదు. ఆలోపు పేరు సంగతి తేల్చండి.

ఇట్లు,
పెయింటరు


పెయింటరు బాబాయి గారికి,

మీ ఉత్తరం అందేలోపే నేను వెళ్లాను. ఆదివారం పూట, చంకలో ఫైలు, చేతిసంచిలో బ్యాంకు ముద్ర. గేటు దగ్గర కాపలా ముసలాయన ఎవరి తాలూకు అన్నాడు. బ్యాంకు తాలూకు అన్నాను. “బ్యాంకు కూడా పోయిందా తల్లీ” అన్నాడు. అప్పుడు తలెత్తి బోర్డు చదివాను. రాసింది మీరేనట.

తిరిగి ఎలా వచ్చానో నాకే తెలియదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఫైలు తీసి మీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. చనిపోయినవారి పేరు తీసేయాలన్నది నిబంధన, దాన్ని నేను దాటలేను. కానీ ఆవిడ చనిపోయారని మీరు ఒక్కచోట కూడా రాయలేదు. విలీనమయ్యారనే రాశారు. దానికి వేరే నిబంధన ఉంది. విలీనం కారణంగా ఏ ఖాతాదారు పేరూ తొలగించరాదు, పాత సంతకమే చెల్లుతుంది.

కొత్త పాసుపుస్తకం దీంతో పంపుతున్నాను. రెండు పేర్లూ ఉన్నాయి.

ఇట్లు,
మీ మేనేజరమ్మ

తా.క.: ఈ విషయమై పై అధికారులు వచ్చి మిమ్మల్ని ఏమైనా అడిగితే, దయచేసి ఎప్పటిలాగే ఏమీ మాట్లాడకండి.